గుండె వాల్వ్ లీకు: ఎందుకొస్తుంది, ఎకో రిపోర్టులో ఏం చూడాలి

మీ ప్రశ్న సారాంశం ఇది: నాన్నగారికి 58 ఏళ్లు. హెర్నియా ఆపరేషన్‌కు ముందు ఫిట్‌నెస్ కోసం ఎకో (గుండె స్కాన్) తీస్తే "మోడరేట్ ఎంఆర్, మైల్డ్ టీఆర్, ఎల్‌వీఈఎఫ్ 58 శాతం, నార్మల్ ఎల్‌వీ ఫంక్షన్" అని రాసిచ్చారు. ఆయనకు ఆయాసం లేదు, రోజూ నడుస్తారు. వాల్వ్ ఎందుకు లీకవుతుంది, మాత్రలతో మూసుకుంటుందా, గుండె ఆపరేషన్ తప్పదా అని అడిగారు.

ఎంఆర్ అంటే గుండె ఎడమవైపు పై గదికీ కింది గదికీ మధ్య ఉండే మైట్రల్ వాల్వ్ లీకు. టీఆర్ అంటే కుడివైపు అదే స్థానంలో ఉండే ట్రైకస్పిడ్ వాల్వ్ లీకు. మిగతావి మామూలుగా ఉంటే మైల్డ్ టీఆర్ గురించి దిగులు అక్కర్లేదు. లక్షణాలు లేని మోడరేట్ ఎంఆర్‌కి ఇప్పటికిప్పుడు గుండె ఆపరేషన్ చెయ్యరు. అయితే మీరు రాసినదాన్ని బట్టి చూస్తే రిపోర్టులో ఒక లోటు కనిపిస్తోంది. లీకు ఎంత ఉందో రాశారు గానీ ఎందుకుందో రాయలేదు. మందులా, ఆపరేషనా, గమనిస్తూ ఉండటమా అనేది తేలేది ఆ కారణం దగ్గరే. ఇంకొకటి, ఎల్‌వీఈఎఫ్ (ఎడమ కింది గది తనలో నిండిన రక్తంలో ఎంత శాతం బయటికి నెడుతుందన్న లెక్క) పక్కనున్న ఆ 58 శాతం అంకె. నార్మల్ అని పక్కనే రాసి ఉన్నా, ఎంఆర్ ఉన్నవాళ్లలో దాన్ని అంత తేలిగ్గా నార్మల్ అనలేం. ఎందుకో కింద చెప్తాను.

వాల్వ్ మూతపడటం వెనక ఏముంది

గుండెలో నాలుగు వాల్వులుంటాయి. మైట్రల్, ట్రైకస్పిడ్ వాల్వులు పై గదులకూ కింది గదులకూ మధ్య ఉంటాయి. అయోర్టిక్, పల్మనరీ వాల్వులు కింది గదుల నుంచి బయటికెళ్లే పెద్ద రక్తనాళాల మొదట్లో ఉంటాయి. ఒక్కోటి రోజుకు సుమారు లక్షసార్లు తెరుచుకుని మూసుకుంటుంది. వీటికి కండ లేదు, వాటంతటవి కదలవు. అటూ ఇటూ రక్తపు ఒత్తిడి మారుతుంటే ఆ తేడాకే తెరుచుకుంటాయి, మూసుకుంటాయి.

అయోర్టిక్, పల్మనరీ వాల్వుల నిర్మాణం తేలిక. మూడు రేకులు, వాటిని పట్టుకున్న రక్తనాళపు గోడ, అంతే. మైట్రల్ వాల్వ్ అలా కాదు. ముందు రేకు, వెనక రేకు అని దానికి రెండు రేకులు. రేకుల మొదళ్లు ఒక వలయానికి అతుక్కుని ఉంటాయి. అంచుల నుంచి సన్నని దారాల్లాంటి తంతువులు కిందికి దిగి, రెండు చిన్న కండరాలకు తగులుకుంటాయి. ఆ కండరాలు ఎడమ జఠరిక, అంటే ఎడమ కింది గది, గోడలోంచే పుట్టుకొస్తాయి. జఠరిక గట్టిగా నొక్కుకున్నప్పుడు రేకులు పై గదిలోకి తిరగబడకుండా ఆపేవి ఈ తంతువులే. రేకులు, వలయం, తంతువులు, చిన్న కండరాలు, జఠరిక గోడ, ఈ అయిదింటిలో ఏ ఒక్కటి చెడినా ఎకోలో పడే పేరు ఒకటే, ఎంఆర్. కాబట్టి ఎంఆర్ అన్న మాటను రోగం పేరుగా తీసుకోకండి. జ్వరం లాంటి లక్షణం అది.

జబ్బు కాని లీకులు

ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు ఎకో తీసినా చాలామందిలో ట్రివియల్ లేదా ట్రేస్, అంటే అతి స్వల్పమైన టీఆర్ కనిపిస్తుంది. పల్మనరీ వాల్వ్ దగ్గర కూడా అంతే. కాస్త ఎంఆర్ కూడా మామూలే. ఈ కాలపు ఎకో మిషన్లు చిన్న చుక్క వెనక్కి పోయినా పట్టేస్తాయి. రేకులు సన్నగా, బాగా కదులుతూ ఉండి, గదులు మామూలు సైజులోనే ఉంటే ఇవి జబ్బు కావు, మందులక్కర్లేదు. పైగా ఆ చిన్న టీఆర్ వల్ల ఒక ఉపయోగం ఉంది. ఊపిరితిత్తుల రక్తనాళాల్లో ఒత్తిడి ఎంతుందో లెక్కగట్టేది దాని వేగాన్ని బట్టే. సెకనుకు 2.8 మీటర్లు దాటితే ఒత్తిడి పెరిగిందేమోనని మిగతా ఆనవాళ్లు వెతుకుతారు.

అయోర్టిక్ వాల్వ్ విషయంలో మాత్రం ఈ ఊరట లేదు. ముఖ్యంగా తక్కువ వయసువాళ్లలో మైల్డ్ ఏఆర్ (అయోర్టిక్ వాల్వ్ లీకు) అని వచ్చినా, వాల్వ్‌కి ఎన్ని రేకులున్నాయి, బృహద్ధమని మొదలు ఎంత వెడల్పుంది అని చూడాల్సిందే.

మైట్రల్ లీకు: వాల్వ్ చెడిందా, గుండె సాగిందా

కారణాలు రెండు జాతులు. మొదటిది వాల్వ్‌లోనే లోపం, దీన్ని ప్రైమరీ ఎంఆర్ అంటారు. రెండోది సెకండరీ ఎంఆర్. ఇందులో రేకులు బాగానే ఉంటాయి గానీ వాటిని పట్టుకున్న గుండె సాగిపోతుంది. గోడ కుంగి ద్వారబంధం పక్కకు ఒరిగితే తలుపు రెక్కలు ఎంత బాగున్నా కలుసుకోవు, సెకండరీ ఎంఆర్ అచ్చంగా అలాంటిది. రెండిటికీ వైద్యం వేరు వేరు దార్లు, అందుకే ముందు ఇది తేలాలి.

ప్రైమరీలో ఎక్కువగా కనిపించేది మైట్రల్ వాల్వ్ ప్రొలాప్స్. ప్రతి 100 మందిలో ఇద్దరు ముగ్గురికి ఇది ఉంటుంది. రేకు కణజాలం మెత్తబడి, సాగి, మూసుకునేటప్పుడు పై గదిలోకి ఉబ్బుతుంది. వీళ్లలో చాలామంది జీవితాంతం ఏ ఇబ్బందీ లేకుండా గడిపేస్తారు. కొందరిలో సాగిన తంతువు ఒకరోజు పుటుక్కున తెగుతుంది. ఆ తంతువు పట్టుకున్న రేకు ముక్క కొస తిరగబడి పై గదిలో కొట్టుకుంటుంది. రిపోర్టులో "ఫ్లైల్" అని రాస్తారే, అది ఇదే. ఎక్కువగా దెబ్బతినేది వెనక రేకు మధ్యభాగం, సర్జన్లు పీ2 అంటారు. నిన్నటిదాకా మెట్లెక్కిన మనిషికి ఈరోజు ఉన్నట్టుండి ఆయాసం మొదలైతే ఇది గుర్తుకు రావాలి.

రెండోది రుమాటిక్ జ్వరం. స్ట్రెప్టోకాకస్ బ్యాక్టీరియాతో గొంతునొప్పి వచ్చిన రెండు నుంచి నాలుగు వారాలకు, ఎక్కువగా 5 నుంచి 15 ఏళ్ల పిల్లల్లో, కీళ్లు ఒకదాని తర్వాత ఒకటి వాచి జ్వరం వస్తుంది. బ్యాక్టీరియాతో పోరాడే రక్షణ వ్యవస్థ పొరబాటున వాల్వులనూ దెబ్బతీస్తుంది. కీళ్లు పూర్తిగా బాగవుతాయి, వాల్వులు అన్నిసార్లూ కావు. చిన్న వయసులో లీకు ఎక్కువ, ఏళ్లు గడిచేకొద్దీ రేకుల అంచులు దళసరెక్కి ఒకదానికొకటి అతుక్కుని వాల్వ్ సన్నబడటం ఎక్కువ. రెండూ కలిసి ఉండటమూ మామూలే. చిన్నప్పుడు నెలనెలా పెన్సిలిన్ ఇంజెక్షన్లు వేయించుకున్న గుర్తుందా అని నాన్నగారినో, ఇంట్లో పెద్దవాళ్లనో అడిగి చూడండి. ఆ ఒక్క జవాబు చాలాసార్లు కారణాన్ని తేల్చేస్తుంది.

మూడోది ఇన్ఫెక్టివ్ ఎండోకార్డైటిస్. రక్తంలోకి చేరిన క్రిములు వాల్వ్ మీద గూడు కట్టి రేకుకు చిల్లు పెడతాయి, తంతువులు తెంపుతాయి. పెద్ద వయసులో, కిడ్నీ జబ్బున్నవాళ్లలో వలయం చుట్టూ సున్నం పేరుకోవడం ఇంకో కారణం. దానితో వచ్చే లీకు ఎక్కువగా తక్కువ స్థాయిదే.

ఇక సెకండరీ. గుండెపోటుతో ఎడమ జఠరిక కింది గోడ దెబ్బతింటే, అక్కడి చిన్న కండరం పక్కకు జరిగి వెనక రేకును కిందికి లాగి పట్టుకుంటుంది. ముందు రేకు వచ్చి తాకడానికి ఎదుట అంచు అందదు. గుండె కండరమే బలహీనపడి జఠరిక సాగిపోయే డైలేటెడ్ కార్డియోమయోపతీలోనూ ఇంతే, కాకపోతే రెండు రేకులూ లాగబడతాయి, లీకు మధ్యలోంచి వస్తుంది. ఈసీజీలో ఎల్‌బీబీబీ (ఎడమ జఠరికకు విద్యుత్ సంకేతం ఆలస్యంగా చేరడం) ఉన్నవాళ్లలో జఠరిక గోడలు ఒకేసారి నొక్కుకోకపోవడం కూడా లీకు పెంచుతుంది. వీటితోబాటు ఈమధ్య బాగా గుర్తిస్తున్నది ఇంకొకటుంది. ఏట్రియల్ ఫిబ్రిలేషన్ (పై గదులు లయ తప్పి అస్తవ్యస్తంగా కొట్టుకోవడం) ఏళ్ల తరబడి ఉంటే పై గది సాగి, దానితో వలయమూ సాగుతుంది. జఠరిక బాగానే ఉన్నా లీకు వస్తుంది.

గుండెపోటు వచ్చిన మొదటి వారంలో ఆ చిన్న కండరమే తెగిపోవడం అన్నిటికన్నా ప్రమాదకరం. రెండు కండరాల్లో వెనక లోపలివైపుది ఎక్కువగా తెగుతుంది. మరోదానికి రెండు రక్తనాళాలు రక్తం అందిస్తే దీనికి మామూలుగా ఒక్కటే దిక్కు కావడమే కారణం. గంటల్లో ఊపిరితిత్తులు నీటితో నిండిపోతాయి. ఇక్కడ మందులు వేళకి ఆపరేషన్ థియేటర్‌కి చేర్చడం వరకే పనికొస్తాయి.

మిగతా మూడు వాల్వులు

అయోర్టిక్ లీకుకు కారణం రేకుల్లోనైనా ఉండాలి, బృహద్ధమని మొదట్లోనైనా ఉండాలి. రేకుల వైపు: పుట్టుకతోనే మూడుకు బదులు రెండు రేకులుండటం, అంటే బైకస్పిడ్ వాల్వ్, ప్రతి 100 మందిలో ఒకరిద్దరికి ఉంటుంది. రుమాటిక్ జబ్బు, ఇన్ఫెక్షన్ తర్వాతి కారణాలు. ధమని వైపు: వయసు, దీర్ఘకాలంగా అదుపులో లేని బీపీ, మార్ఫన్ సిండ్రోమ్ లాంటి కణజాల జబ్బులు. ధమని మొదలు సాగితే రేకులు ఒకదానికొకటి దూరమవుతాయి. బైకస్పిడ్ వాల్వ్ ఉన్నవాళ్లలో ధమని కూడా సాగే గుణం ఉంటుంది కాబట్టి వాల్వ్‌తో పాటు ధమని వెడల్పునూ జీవితాంతం చూసుకుంటూ ఉండాలి. తల్లిదండ్రులు, తోబుట్టువులు, పిల్లలకు కూడా ఒకసారి ఎకో తీయించడం మంచిది.

ముదిరిన ఏఆర్‌ని బీపీ అంకెలే పట్టిస్తాయి. పైది 150, కిందిది 50 లాగా రెంటికీ మధ్య దూరం బాగా పెరుగుతుంది. పైకి వెళ్లిన రక్తంలో కొంత మళ్లీ గుండెలోకి జారిపోతుంది కాబట్టి కింది అంకె పడిపోతుంది. ఇది చూసి పై అంకెకు మాత్రమే మాత్రలు పెంచుకుంటూ పోవడం తరచూ జరిగే పొరపాటు. అయితే ఉన్నట్టుండి వచ్చిన ఏఆర్‌లో ఈ గుర్తు ఉండదు. బీపీ మామూలుగా ఉందని ఊరుకుంటే ప్రాణం మీదికొస్తుంది.

ట్రైకస్పిడ్ లీకు చాలావరకు ఇంకెక్కడి జబ్బుకో నీడ. ఎడమవైపు వాల్వ్ జబ్బు, ఊపిరితిత్తుల ఒత్తిడి, ఏట్రియల్ ఫిబ్రిలేషన్ కుడి గదులను సాగదీస్తాయి. పేస్‌మేకర్ తీగ రేకును అడ్డుకోవడం, సూదులతో మత్తుమందులు ఎక్కించుకునేవాళ్లలో ఇన్ఫెక్షన్, పుట్టుకతోనే ట్రైకస్పిడ్ రేకులు కిందికి జారి ఉండే ఎబ్‌స్టీన్ లోపం మిగతా కారణాలు. ముదిరితే కాళ్ల వాపు, పొట్టలో నీరు, మెడ సిరలు ఉబ్బి కొట్టుకోవడం కనిపిస్తాయి. కాలేయం జబ్బేమోనని అటువైపు తిరిగి కాలం వృథా అవుతుంటుంది. పల్మనరీ లీకు చెప్పుకోదగ్గ స్థాయిలో ఉండేది ఎక్కువగా చిన్నప్పుడు ఫాలో టెట్రాలజీ అనే పుట్టుకతో వచ్చే గుండె లోపానికి ఆపరేషన్ అయినవాళ్లలో.

మందుల వల్ల కూడా వాల్వులు చెడతాయి, ఈ సంగతి అడిగేవాళ్లు తక్కువ. బరువు తగ్గడానికి వాడిన ఫెన్‌ఫ్లూరమిన్‌ని 1997లో మార్కెట్ నుంచి తీసేసింది ఇందుకే. పార్కిన్సన్స్‌కి పెద్ద మోతాదులో వాడే పెర్గోలైడ్, కాబెర్గొలిన్‌లతోనూ, మైగ్రేన్‌కి ఏళ్ల తరబడి వాడిన ఎర్గోటమిన్‌తోనూ ఇదే సమస్య. ప్రొలాక్టిన్ అనే హార్మోన్ తగ్గించడానికి వాడే చిన్న మోతాదు కాబెర్గొలిన్‌తో ప్రమాదం చాలా తక్కువ, భయపడి మానెయ్యకండి. రొమ్ము క్యాన్సర్‌కో, లింఫోమాకో ఛాతీకి రేడియేషన్ తీసుకున్నవాళ్లలో 10, 20 ఏళ్ల తర్వాత వాల్వులు గట్టిపడటం చూస్తాం.

58 శాతం ఎందుకు మామూలు అంకె కాదు

నెమ్మదిగా పెరిగే లీకును గుండె ఏళ్లపాటు మోస్తుంది. వెనక్కి పోయిన రక్తాన్ని కూడా కలిపి నెట్టడానికి జఠరిక కొద్దికొద్దిగా పెద్దదవుతుంది. పై గది సాగి అదనపు రక్తాన్ని ఒత్తిడి పెరగకుండా పట్టుకుంటుంది. మనిషికి ఏమీ తెలియదు. లోపల మాత్రం కండరం అలిసిపోతూ ఉంటుంది.

ఈఎఫ్ (రిపోర్టులో ఎల్‌వీఈఎఫ్) అంటే జఠరికలో నిండిన రక్తంలో ఎంత శాతం బయటికి పోయిందన్న లెక్క. ఎటువైపు పోయిందో అది చెప్పదు. ఒక ఉదాహరణ తీసుకోండి. సాగిన జఠరికలో 180 మి.లీ. నిండింది, నొక్కుకున్నాక 60 మి.లీ. మిగిలింది. బయటికి పోయింది 120, ఈఎఫ్ 67 శాతం, చూడ్డానికి భేషుగ్గా ఉంది. కానీ ఆ 120లో 60 మి.లీ. లీకైన వాల్వ్ గుండా పై గదిలోకి పోయింది. శరీరానికి అందింది 60 మాత్రమే. తక్కువ ఒత్తిడి ఉన్న పై గదిలోకి నెట్టడం సులువు కాబట్టి బలహీనపడ్డ కండరం కూడా మంచి ఈఎఫ్ చూపిస్తుంది. అందుకే సివియర్ ప్రైమరీ ఎంఆర్‌లో లక్షణాలు లేకపోయినా ఈఎఫ్ 60కి దిగినా, నొక్కుకున్నప్పటి జఠరిక కొలత 40 మి.మీ.కి చేరినా ఆపరేషన్ గురించి మాట్లాడతారు. అప్పటికీ ఆగితే వాల్వ్ సరిచేశాక ఈఎఫ్ ఒక్కసారిగా పడిపోతుంది, మళ్లీ పైకి రాకపోవచ్చు.

నాన్నగారి విషయంలో 58కి మూడు అర్థాలుండొచ్చు. లీకు నిజంగా మోడరేట్ అయి, ఆయనకు ఉండే మామూలు ఈఎఫ్ అంతే అయి ఉండొచ్చు. లేదా గుండె కండరంలో వేరే లోపం మొదలై, దాని వల్లే లీకు వచ్చి ఉండొచ్చు. లేదా లీకు సివియర్ అయినా తక్కువగా కనిపించి ఉండొచ్చు. ఎకోలో ఈఎఫ్ కొలతకు అయిదు శాతం అటూ ఇటూ తేడా మామూలే కాబట్టి ఒక్క అంకె పట్టుకుని కంగారు పడకండి. మూడింటిలో ఏదో మాత్రం తేల్చుకోండి.

రిపోర్టులో వెతకాల్సినవి

ముందు రేకుల వర్ణన చూడండి. ఏఎంఎల్ అంటే ముందు రేకు, పీఎంఎల్ అంటే వెనక రేకు. వాటి పక్కన ప్రొలాప్స్, ఫ్లైల్, థిక్, రెస్ట్రిక్టెడ్ అనే మాటల్లో ఏదైనా ఉందా? "నో ఆర్‌డబ్ల్యూఎంఏ" అని ఉంటే జఠరిక గోడలన్నీ సమానంగా కదులుతున్నట్టు, పాత గుండెపోటు గుర్తులు కనబడలేదన్నట్టు. ఎల్‌వీఐడీడీ, ఎల్‌వీఐడీఎస్ అనేవి జఠరిక నిండినప్పటి, నొక్కుకున్నప్పటి కొలతలు. మగవాళ్లలో సుమారు 58, 40 మి.మీ. వరకు, ఆడవాళ్లలో 52, 35 వరకు మామూలు. ఎడమ పై గది పెద్దదైందంటే లీకు కొత్తది కాదని, చెప్పుకోదగ్గదని అనుమానించాలి. సివియర్ అని రాసి పై గది, జఠరిక రెండూ మామూలుగా ఉన్నాయంటే, లీకు నిన్నమొన్న వచ్చిందైనా కావాలి, లెక్క తప్పైనా కావాలి.

లీకు పరిమాణానికి కొన్ని కొలతలున్నాయి. లీకు ధార సన్నబడే చోట వెడల్పును వీనా కాంట్రాక్టా అంటారు, అది 7 మి.మీ. లేదా అంతకన్నా ఎక్కువ, చిల్లు వైశాల్యం 0.4 చదరపు సెం.మీ. లేదా ఎక్కువ, ఒక్కో కొట్టుకు వెనక్కి పోయేది 60 మి.లీ. లేదా ఎక్కువ ఉంటే సివియర్ ఎంఆర్. అయోర్టిక్‌కి హద్దులు 6 మి.మీ., 0.3 చదరపు సెం.మీ., 60 మి.లీ. ఈ అంకెలేవీ లేకుండా, ఎకో తెర మీద రంగులో కనిపించే లీకు ధారను చూసి మోడరేట్ అని రాసేస్తే అది అంచనా మాత్రమే.

ఆ అంచనా ఎలా తప్పుతుందో కూడా తెలుసుకోవాలి. ధార మధ్యలోంచి కాక గోడను అంటుకుని పాకితే తెర మీద సన్నగా కనిపిస్తుంది, సివియర్‌ని మోడరేట్ అని రాస్తారు. ప్రొలాప్స్‌లో ధార ఇలా పక్కకే పోతుంది, వెనక రేకు చెడితే ముందువైపుకు. ఇంకోవైపు, మిషన్‌లో రంగు స్కేలు వేగం సెకనుకు 50, 60 సెం.మీ. దగ్గర పెట్టాల్సింది బాగా తగ్గిస్తే అదే లీకు పెద్దదిగా కనిపిస్తుంది. ప్రొలాప్స్‌లో కొందరికి గుండె నొక్కుకోవడంలో చివరి సగంలోనే లీకవుతుంది, ఒక్క ఫ్రేము ఆపి కొలిస్తే ఎక్కువ వస్తుంది. అన్నిటికన్నా ఎక్కువ మోసం చేసేది బీపీ. ఆరోజు 180 ఉంటే లీకు ఎక్కువ చూపిస్తుంది, మత్తులో 95కి పడిపోతే సగమే కనిపిస్తుంది. రిపోర్టు మీద ఆ సమయపు బీపీ రాయమని అడగండి, రెండు రిపోర్టులు పోల్చేటప్పుడు అది లేకపోతే పోలిక గాల్లో కట్టిన మేడే. వీలైతే ప్రతిసారీ ఒకే చోట తీయించండి.

అప్పటికీ తేలకపోతే గొంతు ద్వారా తీసే టీఈఈ రేకులను దగ్గర నుంచి చూపిస్తుంది. లీకు ఎంతో కచ్చితంగా కావాలంటే కార్డియాక్ ఎమ్మారై. లక్షణాలు లేవనే మాట నిజమో కాదో ట్రెడ్‌మిల్ మీద నడిపిస్తే బయటపడుతుంది. ఆయాసం రాకుండా చాలామంది తెలియకుండానే నడక వేగం తగ్గించుకుంటారు.

మాత్రలు, ఆపరేషన్

తెగిన తంతువును ఏ మాత్రా అతికించదు. ప్రైమరీ ఎంఆర్‌లో, బీపీ అదుపులో పెట్టడం, ఏట్రియల్ ఫిబ్రిలేషన్ వస్తే రక్తం గడ్డకట్టకుండా మందివ్వడం, నీరు చేరితే మూత్రం మాత్రలు, ఇంతే. బీపీ మామూలుగా, గుండె బలంగా ఉన్నవాళ్లకు లీకు ముదరకుండా అని ఇచ్చే మాత్రలతో ఒరిగేదేమీ లేదు. సెకండరీలో కథ తిరగబడుతుంది. గుండె బలహీనతకు ఇచ్చే నాలుగు రకాల మందులు, అంటే ఏసీఈ ఇన్‌హిబిటర్ లేదా సాక్యుబిట్రిల్-వాల్సార్టాన్, బీటా బ్లాకర్, స్పైరనోలాక్టోన్ జాతి, ఎస్‌జీఎల్‌టీ2 జాతి, సరైన మోతాదుకు చేర్చి కొన్ని నెలలు ఆగితే జఠరిక కుంచించుకుని లీకు ఒక మెట్టు దిగడం తరచూ చూస్తాం. ఎల్‌బీబీబీ ఉంటే సీఆర్‌టీ పేస్‌మేకర్ (జఠరిక గోడలు ఒకేసారి నొక్కుకునేలా చేసేది) ఆ పని చేస్తుంది. సివియర్ ఏఆర్‌లో మాత్రం గుండె వేగాన్ని బాగా తగ్గించే మందులతో జాగ్రత్త. కొట్టుకి కొట్టుకి మధ్య విరామం పెరిగితే లీకయ్యే సమయమూ పెరుగుతుంది.

ప్రొలాప్స్ అయితే ఉన్న వాల్వ్‌నే బాగుచేసే రిపేర్ మేలు. చెడిన ముక్క కత్తిరించి కుట్టడమో, కొత్త కృత్రిమ తంతువులు వెయ్యడమో చేసి, చుట్టూ రింగు బిగిస్తారు. రిపేర్లు ఎక్కువగా చేసే సర్జన్‌ని వెతుక్కోవడం ఇక్కడ అన్నిటికన్నా ముఖ్యం, దీని కోసం కొన్ని వారాలు ఆగినా నష్టం లేదు. రుమాటిక్ వాల్వ్‌కి రిపేర్ కష్టం. అయోర్టిక్‌కి ఎక్కువగా మార్పిడే. సివియర్ ఏఆర్‌లో లక్షణాలు మొదలైనా, ఈఎఫ్ 50, 55కి దిగినా, నొక్కుకున్నప్పటి కొలత 50 మి.మీ. దాటినా దాని సమయం వచ్చినట్టు.

మార్చాల్సి వస్తే లోహపు వాల్వ్ ఎక్కువకాలం మన్నుతుంది గానీ రక్తం గడ్డకట్టకుండా జీవితాంతం వార్ఫరిన్ వాడాలి. ఐఎన్ఆర్ (రక్తం ఎంత ఆలస్యంగా గడ్డకడుతుందో చెప్పే పరీక్ష అంకె) అయోర్టిక్‌కి 2.5, మైట్రల్‌కి 3 చుట్టూ ఉంచుతారు. వార్ఫరిన్‌కి బదులు డాబిగాట్రాన్ లాంటి కొత్త మందులు లోహపు వాల్వ్ ఉన్నవాళ్లు వాడకూడదు. కణజాలపు వాల్వ్‌కి ఆ బెడద తక్కువ, అయితే 10, 15 ఏళ్లలో అరుగుతుంది, వయసు తక్కువైతే ఇంకా త్వరగా. ఆపరేషన్‌కి తట్టుకోలేనివాళ్లకు తొడ సిర గుండా వెళ్లి రెండు రేకుల అంచులను క్లిప్‌తో కలిపే పద్ధతి ఉంది. సెకండరీ ఎంఆర్‌లో మందులు పూర్తి మోతాదులో వాడి చూశాకే దాని మాట ఎత్తాలి.

నాన్నగారికి ఇప్పుడు

హెర్నియా ఆపరేషన్ మామూలుగా ఆపనక్కర్లేదు, కానీ ఎకో రిపోర్టు మత్తు డాక్టర్‌కి ముందే చూపించండి. ఎంఆర్ ఉన్నవాళ్లలో బీపీ ఒక్కసారిగా ఎగబాకకుండా, గుండె వేగం మరీ పడిపోకుండా, సెలైన్ మితిమీరకుండా చూసుకుంటారు. కార్డియాలజిస్టును మూడు అడగండి: ఇది ప్రైమరీనా సెకండరీనా, ఎల్‌వీఐడీఎస్ ఎంత, మళ్లీ ఎకో ఎప్పుడు. మైల్డ్‌కి మూడు నుంచి అయిదేళ్లకు, మోడరేట్‌కి ఏడాది నుంచి రెండేళ్లకు, సివియర్‌కి ఆరు నెలల నుంచి ఏడాదికి ఒకసారి అన్నది సాధారణ లెక్క. కారణం ఇంకా తేలలేదు కాబట్టి ఆయనకు తర్వాతి ఎకో ఇంకా ముందుగానే తీయించడం నయం.

నడక మానక్కర్లేదు. ధమని సాగినవాళ్లు మాత్రం ఊపిరి బిగబట్టి పెద్ద బరువులు ఎత్తకూడదు. కీళ్లనొప్పులకు డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటివి రోజూ వేసుకుంటే ఒంట్లో నీరు నిలుస్తుంది, గుండె బలహీనంగా ఉన్నవాళ్లకు చేటు. పళ్లు ఆరునెలలకోసారి చూపించుకోండి. పన్ను తీసేముందు యాంటీబయాటిక్ వేసుకోవాలని చాలామంది అనుకుంటారు గానీ ఒట్టి లీకు ఉన్నవాళ్లకు అక్కర్లేదు. కృత్రిమ వాల్వ్ ఉన్నవాళ్లు, రిపేర్‌లో రింగు వేయించుకున్నవాళ్లు, ముందొకసారి ఎండోకార్డైటిస్ వచ్చినవాళ్లు, కొన్ని పుట్టుకతో వచ్చిన గుండె లోపాలున్నవాళ్లకే అది. పెన్సిలిన్ పడనివాళ్లను మినహాయిస్తే, పెద్దవాళ్లకు అమాక్సిసిలిన్ 2 గ్రాములు, అరగంట నుంచి గంట ముందు. రుమాటిక్ అని తేలితే కథ వేరు. బెంజాథిన్ పెన్సిలిన్ 12 లక్షల యూనిట్లు మూడు నాలుగు వారాలకోసారి, వాల్వ్ చెడి ఉంటే చివరి జ్వరం నుంచి పదేళ్లు లేదా 40 ఏళ్ల వయసు వచ్చేవరకు, ఏది ఎక్కువైతే అది. 58 ఏళ్ల మనిషికి ఇది సాధారణంగా వర్తించదు.

వాల్వ్ లీకు ఉన్న మనిషికి కారణం తెలియని జ్వరం వారం దాటితే యాంటీబయాటిక్ మొదలెట్టకముందే బ్లడ్ కల్చర్‌కి మూడుసార్లు రక్తం తీయించండి. ముందు మందు పడితే క్రిమి దొరకదు, ఏ మందు ఎన్నాళ్లివ్వాలో తెలియక వైద్యం గుడ్డిగా సాగుతుంది. పడుకుంటే ఊపిరాడక లేచి కూర్చోవాల్సి రావడం, గుండె లయ తప్పి కొట్టుకోవడం, కాళ్ల వాపు, నడిచే దూరం తగ్గిపోవడం, వీటిలో ఏది వచ్చినా తర్వాతి ఎకో తేదీ కోసం ఆగకుండా ఆ వారంలోనే చూపించాలి. ఆయాసం ఒక్కసారిగా వచ్చి నురగతో దగ్గు పడుతున్నా, ఛాతీలోంచి వీపులోకి చీల్చినట్టు నొప్పి వచ్చినా, స్పృహ తప్పినా ఓపీకి కాదు, నేరుగా ఎమర్జెన్సీకి.